పట్టేసిన బోల్టును విరగ్గొట్టే విధానం

బోల్టు విప్పడం మెకానిక్ పని. విరగ్గొట్టడానికి మాత్రం కాస్త చదువుండాలి. అందుకే ఈ విద్యకు ఉస్మానియా క్యాంపస్సూ, దాన్ని ఆనుకున్న తార్నాకా అన్నివిధాలా అనువైన చోట్లు. ఇక్కడ వీధికో పీహెచ్‌డీ, ఆ పీహెచ్‌డీ గారి గేటు పక్కన కవరు కప్పుకున్న ఓ పాత కారూ ఉంటాయి.

సొంత కారు ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ గడువు నెత్తిమీదికి వచ్చేదాకా బండి కిందికి తొంగి చూడకపోవడం మొదటి నియమం. హైదరాబాద్ గాలిలో ఉప్పు లేదు కనుక ఇక్కడ తుప్పు కాస్త నెమ్మది. ఆ లోటు పూడ్చుకోవాలంటే విశాఖ బీచ్ రోడ్డులో పెరిగిన సెకండ్ హ్యాండ్ బండి కొనండి. అంత ఓపిక లేకపోతే చెట్టు కింద నిలిపి, నాలుగు వానాకాలాలు ఆకులు కుళ్లనిచ్చినా చాలు. కొత్తగా చెయ్యి పెట్టేవారికి సైలెన్సర్ బోల్టు శ్రేష్ఠం. కాలీ తడిసీ, మళ్లీ కాలీ, అది నట్టుతో ఎప్పుడో ఏకమై ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ చోటు కావాలంటుంది. చూడీల (మరల) మధ్య సందంతా అదే ఆక్రమించి బిగదీసుకుంటుంది.

పనికి ఆదివారం ఉదయం మంచిది. రాణీగంజ్‌లో పానాలు అమ్మే దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, సరైన పనిముట్టు దొరికే ప్రమాదం లేదు. పాత అంబాసిడర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. దాని బోల్టులు అంగుళాల లెక్క. అరంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇంట్లో ఉన్న 13 పానా దానిమీద చక్కగా కూర్చున్నట్టే కనబడుతుంది. మిగిలిన ఆ 0.3 మిల్లీమీటర్ల సందు మూలలన్నీ గుండ్రంగా అరగడానికి సరిపోతుంది. మారుతి 800 వాళ్లకు ఈ సౌకర్యం లేదు, అన్నీ మెట్రిక్కే. వాళ్లు గోటీల (సాకెట్ల) పెట్టెలో ఆరు మూలలది వదిలేసి పన్నెండు మూలలది తీసుకోవాలి. తుప్పు తిన్న తల మీద అదే బాగా జారుతుంది.

ఇదొక్కటి వెటకారం కాదు: జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి దూరకండి. స్టాండ్లు వేశాకే దూరండి. విరగాల్సింది బోల్టు.

వెల్లకిలా పడుకున్నాక ఏది సవ్యమో, ఏది అపసవ్యమో తద్దినం పెట్టించే పంతులుగారికి తప్ప తెలియదు. అనుమానమొస్తే బిగుసుకునే వైపే లాగండి. (మెకానిక్కులు కూడా కావాలనే ఆ వైపు ఓ వీసమెత్తు తిప్పుతారు, తుప్పు పట్టు సడలడానికి. మీరు వీసంతో ఆగకండి.)

ఇక నూనె. డబ్ల్యూడీ-40ని 1953లో శాండియాగోలోని రాకెట్ కెమికల్ కంపెనీ తయారుచేసింది. నీటిని తరిమే మందు నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట, అందుకే ఆ పేరు. అట్లాస్ క్షిపణి పైతొడుగును తుప్పు నుంచి కాపాడింది. క్షిపణిని కాపాడింది మారుతిని కాపాడదా? ఒక్కసారి చిమ్మి, డబ్బా కింద పెట్టేలోపే పానా అందుకోండి. రాత్రంతా వదిలేసి, మధ్యమధ్య సుత్తితో తలమీద చిన్నగా తడుతుంటే చూడీల్లోకి దిగుతుందని తెలిసినవాళ్లు చెబుతారు. నానడం మినప్పప్పు పని.

ఈపాటికి వాకింగ్‌కు వచ్చినవాళ్లు చుట్టూ చేరి ఉంటారు. కెమిస్ట్రీ సారు యాసిడ్ చుక్క వేయమంటారు. ఎకనామిక్స్ సారు ఈ బండికి పెట్టే ఖర్చు దండగంటారు. ఫిలాసఫీ సారు ఏమీ అనరు, కానీ వెళ్లరు. అందరి మాటా వినండి. 1929 నుంచి ఇంజనీర్లను తయారుచేస్తున్న కాలేజీ ఈ క్యాంపస్‌లోనే ఉంది. అక్కడి వర్క్‌షాపు మనుషులను మాత్రం పిలవకండి, వాళ్లకు పని వచ్చు.

అసలు ఘట్టానికి జీఐ పైపు కావాలి. బోరు మోటారుకు మార్చి పడేసిన ముక్క మేడమీద ఉండే ఉంటుంది. తలమీద 8.8 అని ఉన్న ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టును బిగించడానికి సుమారు 25 న్యూటన్ మీటర్లు చాలు. పాతిక సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బలంతో లాగితే అంత వస్తుంది. పానాకు మీటరు పైపు తొడిగి డెబ్భై కిలోల మనిషి వేలాడితే దానికి 28 రెట్లు. ఆ 8.8 అనే అంకెలోనే అంతా రాసి ఉంది: చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దగ్గర తెగుతుంది, అందులో ఎనభై శాతం, అంటే 640 దగ్గరే ఇక వెనక్కి రాకుండా సాగడం మొదలవుతుంది. సాగేటప్పుడు చేతికి మెత్తగా, హాయిగా వస్తుంది. విప్పుకుంటోందని అందరూ సంతోషించే క్షణం అదే. తర్వాత టప్పుమని ఓ చిన్న చప్పుడు. ఎకనామిక్స్ సారు వాచీ చూసుకుంటారు.

తల చేతిలోకి వచ్చింది, ఒళ్లు లోపలే ఉండిపోయింది. ఇంతటితో తృప్తి పడనివారికి ఎక్స్‌ట్రాక్టర్ అని ఒకటి దొరుకుతుంది. విరిగిన ముక్కకు నడిమధ్య రంధ్రం వేసి, అందులో దాన్ని ఎదురు తిప్పాలి. మీరు రంధ్రం పక్కకు వేయండి. ఎక్స్‌ట్రాక్టర్ మహా గట్టి ఉక్కు, పెళుసు కూడా. అది కూడా లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టుకు లొంగదు.

అక్కడిదాకా పోకముందే ఆగినవాళ్లు లాలాపేట వైపు నుంచి ఉస్తాద్‌ను పిలుచుకోవచ్చు. ఆయన మొదటి ప్రశ్న, "దీన్ని ముందల ఎవరన్న ముట్టిండ్రా సార్?" మీ బావమరిది అని చెప్పండి. ఆయన నమ్మడు, అయినా పైకి అనడు. మొండానికి ఓ నట్టు తొడిగి, దాని కడుపులో వెల్డింగ్ పెడతాడు. ఎరుపు పోయేదాకా బీడీ కాలుస్తూ కూర్చుంటాడు. మీకు కష్టమనిపించేది ఈ భాగమే. ఎనిమిది మిల్లీమీటర్ల ఉక్కు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో నూరింట మూడు వంతులే, వెంట్రుక మందంలో సగం కూడా కాదు. తుప్పు పగలడానికి అది చాలు. వేడి ఇంకా ఉండగానే కొవ్వొత్తి ఆనిస్తాడు. కరిగిన మైనం చూస్తుండగానే చూడీల్లోకి పీల్చుకుపోతుంది. అప్పుడు మామూలు పానా పెట్టి ఇటు కాస్త, అటు కాస్త, మళ్లీ ఇటు. కిర్రుమంటూ ఎర్రటి పొడి రాలుస్తూ మొండెం బయటికొస్తుంది.

డబ్బులిచ్చేటప్పుడు బేరమాడండి, అయిదు నిమిషాల పనికి ఇంతా అని. ఆయన కొత్త బోల్టు చూడీలకు రాసిపోయిన గ్రీజు చేతులకు అంటుతుంది, చూడ్డానికీ బాగుండదు. ఆయన వీధి మలుపు తిరగ్గానే విప్పి, పాత లుంగీగుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ బిగించండి. పైపుతోనే.