తేలినీలాపురం చింతచెట్ల కింద

ఒరే గుంటడా, మా రోజుల్లో తేలినీలాపురానికి దారి చెప్పడానికి బోర్డు అక్కర్లేదు. తలెత్తి చూస్తే చాలు, గూడబాతులు ఎటు దిగుతున్నాయో ఊరు అటే. ఇప్పుడు మీకు మలుపు మలుపుకీ ఫోను చెప్పాలి.

సెప్టెంబరులో పక్షులొచ్చేవి. పురిటికొచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవారు ఊరంతా. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టి, నౌపడా చిత్తడి నేలల్లో చేపలు పట్టుకొచ్చి పిల్లల్ని మేపేవి. వాకిట్లో రెట్ట పడ్డా, చేపల కంపు కొట్టినా ఒక్కరూ విసుక్కునేవారు కారు. అవొస్తే పంట పండుతుందని నమ్మకం. ఇప్పుడూ వస్తున్నాయి, కాదనను. చూడ్డానికొచ్చేవాళ్లే మారారు. చెట్టు కింద కేకలు, ఫొటోలు, అరగంటలో తిరుగు ప్రయాణం. పైగా సైబీరియా పక్షులంటారు. ఈ రెండు జాతులూ మన దేశంలోనే పుట్టి పెరిగేవిరా! సొంత చుట్టాన్ని పట్టుకుని విదేశీయుడంటే ఎలా?

తీరిక లేదు మీకు, అదీ జబ్బు. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలుండేది. ఏ చేను ఎవరిదో, ఎవరింట్లో పెళ్లో మాట్లాడుకుంటూ పోయేవాళ్లం. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైను వేశారు. త్వరగా వెళ్తున్నారు, నిజమే. పక్కన కూర్చున్నవాడి ఊరు పేరైనా అడుగుతున్నారా?

రావివలసలో శివుడు, మన ఎండల మల్లికార్జునుడొక్కడే మారలేదు. పైకప్పు లేకుండా ఎండకీ వానకీ అలాగే ఉన్నాడు. మనుషులం మనమే ఏసీ గదుల్లో దూరాం.

ఇక చెట్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలో తాతలు వేసిన కొబ్బరి, జీడితోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. అంతకుముందు ఏ గుమ్మంలో నిలబడ్డా నీడే. ఆ తర్వాత కుర్రాళ్లు హైదరాబాదుకీ గల్ఫుకీ పోయారు. పొట్టకూటికి పోయినవాళ్లని తిట్టలేను, నా గొడవల్లా ఇక్కడ మిగిలినవాళ్లతోనే. ఓ చింతచెట్టు కొంగ గూటిని మోసే ఎత్తుకి రావాలంటే ఒక తరం పడుతుంది. మరి ఇవాళ నాటకపోతే మీ మనవల కాలానికి ఆ పక్షులు ఎక్కడ వాలాలి?

ఈసారి తేలినీలాపురం వెళ్తే ఫోను జేబులో పెట్టుకుని పూటంతా కూర్చో. తిరిగొచ్చి మన చెరువుగట్టు మీద ఓ చింతమొక్క నాటు. నీళ్లు నేను పోస్తాను.