లెక్కలు రానివాడా, గవర్నరువి కా!

డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే కరెంటు స్తంభానికొక ఆర్థికవేత్త వేలాడతాడు. ఫ్లెక్సీలో ఓ పక్క రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు వై.వి. రెడ్డి గారు, ఇంకో పక్క కాలేజీ కరస్పాండెంటు, ఇద్దరూ ఒకే సైజు. కింద ‘బి.ఎ. ఎకనామిక్స్: రిజర్వు బ్యాంకు, ప్రపంచ బ్యాంకు, నీతి ఆయోగ్‌లో ఉద్యోగాలు’. అంతకన్నా లావు అక్షరాల్లో ‘లెక్కల బెడద లేదు!’

లోపల కౌన్సిలరు ముందు ఓ తండ్రి చేతులు నలుపుకుంటాడు.

“మావాడికి లెక్కలంటే భయమండీ.”

“అందుకే కదండీ ఈ గ్రూపు! రేపు మీవాడు నోట్ల మీద సంతకం పెట్టేవాడేగానీ నోట్లు లెక్కపెట్టేవాడు కాదు.”

తండ్రి మురిసిపోయి ఫీజు తానే లెక్కపెట్టి ఇస్తాడు.

ఇక చదువు. ఆడమ్ స్మిత్, మార్షల్, రాబిన్స్, శామ్యూల్సన్ నిర్వచనాలు గైడులోంచి నోటికి. డిమాండు రేఖ కిందికి వాలుతుందని క్లాసులో ప్రతివాడూ ఠక్కున చెబుతాడు. ఆ వాలెంతో తేల్చాలంటే డిఫరెన్షియేషన్ చెయ్యాలని మాత్రం చెప్పేవాడుండడు. బెడద లేదని మాటిచ్చారు కదా!

అసలు గుమ్మం తరవాత వస్తుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) ఎమ్మెస్ ఎకనామిక్స్ ప్రవేశపరీక్షలో ఒక పేపరు పేపరంతా లెక్కలే. ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకి ముందు పీజీ ఉండాలి. ఆ పరీక్షలో ఎకనామిక్స్ మొదటి పేపర్లోనే గణిత, గణాంక పద్ధతులు కాచుక్కూర్చుంటాయి. ఇంతా చేస్తే దేశం మొత్తానికి 2024లో 18 పోస్టులు, 2025లో 12. మా ఊళ్లో ఫ్లెక్సీలే అంతకన్నా ఎక్కువ.

గవర్నరు కుర్చీ సంగతంటారా? శక్తికాంత దాస్ చదివింది చరిత్ర. ఆయన తరవాత వచ్చిన సంజయ్ మల్హోత్రా ఐఐటీ కాన్పూరులో కంప్యూటర్ సైన్సు. ఇద్దరూ ఐఏఎస్‌లే. రెడ్డి గారిది ఎకనామిక్స్ డాక్టరేటే, కాదనను. ఆయనా ఐఏఎస్ మీదుగానే వెళ్లారు.

ఎకనామిక్స్‌కి గిరాకీ లేదంటే కళ్లు పోతాయి. ఎకనోమెట్రిక్స్ వచ్చి, డేటాతో కుస్తీ పట్టగలిగినవాణ్ని బ్యాంకులూ రేటింగ్ సంస్థలూ కన్సల్టింగ్ కంపెనీలూ పిలిచి కుర్చీ వేస్తాయి. మనవాడు మాత్రం హైదరాబాదు అశోక్‌నగర్‌లో తేలి, గ్రూప్-2 కోచింగులో పంచవర్ష ప్రణాళికలు మొదటినుంచీ మొదలెడతాడు. అక్కడి ఫీజూ ఆ తండ్రిదే.

సరుకులో లోపం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకపోతే బజారు ఎలా చెడుతుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాతకార్ల ఉదాహరణతో రాశాడు, 2001లో నోబెల్ పంచుకున్నాడు. కరస్పాండెంటు గారు ఆ వ్యాసం చదివి ఉండరు. చదవక్కర్లేదు, ఆయనకి ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు.