ఎఫ్ దగ్గర ఆగిన గిటారిస్టు

కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అపార్టుమెంట్లలో ఈ శాల్తీ ఫ్లోరుకొకటి చొప్పున తగులుతుంది. ముప్పై దాటిన వయసు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్రైజల్ అయిన వారానికల్లా గిటారు కొనేస్తాడు. హైకు ఘనంగా ఉంటే యమహా, అంతంతమాత్రమైతే కలకత్తా గివ్సన్. ఆ మర్నాటి నుంచి పార్సిళ్లు దిగుతాయి: స్టాండు, స్ట్రాపు, క్లిప్పు ట్యూనరు, కేపో, మూడు రకాల మందాల్లో డజను పిక్కులు. వాయించడం ఒక్కటే బాకీ.

మొదటి వారం వేళ్ల కొసలు భగ్గుమంటాయి. స్టీలు తీగలు మరి. రోజూ ఓ పావుగంట వాయిస్తే కొన్ని వారాల్లో వేళ్లు కాయలు కాసి ఆ మంట తగ్గుతుంది. మనవాడు అలా కాదు. ఆదివారం మూడు గంటలు ఏకబిగిన వాయించి, ఎర్రబడ్డ వేళ్లను సోమవారం మీటింగులో కెమెరాకి చూపించి, మళ్లీ శనివారం దాకా గిటారు మొహం చూడడు. ప్రతి ఆదివారమూ ఆయనకి మొదటి రోజే.

కచేరీ జాబితాలో రెండే రెండున్నాయి. ఒకటి డీప్ పర్పుల్ వాళ్ల 1972 నాటి ‘స్మోక్ ఆన్ ద వాటర్’. ఆ రిఫ్‌లో నాలుగే స్వరాలు, ఒక్క తీగ మీద కూడా పలుకుతాయి. రిచీ బ్లాక్‌మోర్ దాన్ని రెండేసి తీగలు కలిపి, పిక్కు పక్కనపెట్టి వేళ్లతో మీటాడని మనవాడికి తెలుసు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతాడు. చెప్పి, ఒక్క తీగ మీదే వాయిస్తాడు.

రెండోది 1973 నాటి ‘యాదోం కీ బారాత్’లో ‘చురా లియా’. తెర మీద గిటారు పట్టుకున్నది జీనత్ అమన్, రికార్డింగులో వాయించింది భూపిందర్ సింగ్. ఎత్తుగడ బాగానే లాగుతాడు. కార్డు మారాల్సిన చోట చెయ్యి తడబడుతుంది. అంతే, “ఆగండి, మళ్లీ మొదట్నుంచి” అంటాడు. అసలు జబ్బంతా ఇక్కడే ఉంది. సామాన్ల పిచ్చిని చూసి లోకం నవ్వుతుంది గానీ, పిక్కులు ఎవరికీ హాని చెయ్యవు. వచ్చిన నాలుగు సెకన్లనే వందసార్లు వాయించుకుని, రాని రెండు సెకన్ల జోలికి పోకపోవడమే కొంప ముంచేది.

ఇక ఎఫ్ కార్డంటే ఆమడ దూరం. మొదటి ఫ్రెట్ దగ్గర చూపుడు వేలు అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ నొక్కాలి. అక్కడ తీగ మహా మొండిది. దుకాణంలో తీగల ఎత్తు తగ్గించమంటే కొంత తేలికవుతుంది. నాలుగు తీగల చిన్న ఎఫ్‌తో మొదలెట్టినా గండం గడుస్తుంది. మనవాడు మాత్రం కేపో బిగించి, ఎఫ్ పడని పాటలే ఏరుకుంటాడు.

ఆ మధ్య పక్క ఫ్లాటు పాప పుట్టినరోజుకి పిలుపొచ్చింది. ‘హ్యాపీ బర్త్‌డే’కి జి, సి, డి మూడు కార్డులు చాలు. గర్వంగా కూర్చున్నాడు. చిక్కల్లా ఏమిటంటే అది మూడు దెబ్బల పాట, మనవాడికొచ్చిన స్ట్రమ్మింగు నాలుగు దెబ్బలది. రెండో లైనుకే పిల్లలు ఒక దారి, గిటారు ఒక దారి. కేకు కోసి, ముక్కలు పంచి, పాప మూతికి క్రీము పూశాక కూడా ఆయన దగ్గర ఇంకా రెండు దెబ్బలు మిగిలాయి.

ఈ వైభోగమంతా విజయనగరం నుంచి వచ్చిన అత్తగారు సోఫాలోంచి చూశారు. ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మనిషి. “సరళీ వరసలు మూడు కాలాల్లో పలికితేగానీ మా మాస్టారు జంట వరసలు ముట్టుకోనిచ్చేవారు కారు. మీకే చోట చెయ్యి తిరగడం లేదో అది మాత్రం వాయించండి అల్లుడుగారూ” అన్నారు.

ఇదే మాట ఆస్ట్రేలియా గిటారు గురువు జస్టిన్ శాండర్‌కో తన పాఠాల్లో ఆట చేసిపెట్టాడు: ఒక్క నిమిషం గడియారం పెట్టుకుని, రెండు కార్డుల మధ్య ఎన్నిసార్లు మారగలవో లెక్కపెట్టుకో, అరవై దాటితే గట్టివాడివి. మనవాడు ఆ వీడియో చూశాడు. రెట్టింపు వేగంలో పెట్టుకుని చూశాడు.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అదే కాలక్షేపం. సి నుంచి జికి, జి నుంచి డికి, ఒక్కో నిమిషం. కొడుకు ఫోనులో టైమరు పెడతాడు, అత్తగారు తొడ మీద తాళం వేస్తారు, స్కోరు ఫ్రిజ్ మీది కాగితానికెక్కుతుంది. ఆ తర్వాతే పాట. అదీ ఆగకుండా, తప్పయినా సరే చివరిదాకా. గిటారు స్టాండు మీద దుమ్ము పట్టడం మానేసింది.

మొన్న ఎఫ్‌ని కూడా పోటీలోకి దించారు. నిమిషం అవగానే మనవాడు “నలభై ఒకటి” అని అరిచాడు. “ముప్పై ఎనిమిది. మూడుసార్లు రెండో తీగ బొయ్‌మంది, అవి చెల్లవు” అన్నారు అత్తగారు. “అత్తయ్యగారూ, అది నా తప్పు కాదండీ, తీగ తప్పు” అని మనవాడు వాదానికి దిగాడు. కొడుకు నోరు మెదపకుండా ఫోనులో రికార్డు చేసింది తీసి వినిపించాడు.

ముప్పై ఐదు.