పిట్టను పద్ధతిగా కొట్టడం ఎట్లా?

అమెరికాలో బాతును కొట్టాలంటే మన మునిసిపాలిటీలో ఇంటి ప్లాను పాస్ చేయించుకున్నంత పని. ముందు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కొనాలి. దాని మీద కేంద్రం అమ్మే బాతు స్టాంపు, 25 డాలర్లది, తీసుకోవాలి. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా బిరడా బిగించాలి. నీటిపక్షుల మీద సీసం గుళ్లు పేల్చకూడదు, 1991 నుంచి ఆ దేశమంతటా నిషేధం. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి పొద్దు గుంకేసరికి ఆపెయ్యాలి. మోటారు పడవలో తరుముకుంటూ పోయి కాల్చకూడదు. గింజలు చల్లి, ఆశపెట్టి కాల్చడం మహాపరాధం. చల్లిన గింజలన్నీ ఎత్తేసినా సరే, ఇంకో పది రోజులు ఆ చోట తుపాకీ ఎత్తకూడదు. రోజుకు ఇన్ని బాతులని లెక్క, అందులో ఫలానా జాతి ఆడవి ఇన్నేనని ఉపలెక్క. ఇన్ని నియమాలు పాటించి చంపిన బాతును ఇంటికి తీసుకుపోయేటప్పుడు కూడా తలో, ఒక రెక్కో ఈకలతో సహా ఉంచాలి. దారిలో ఆపిన అధికారికి అది ఏ జాతిదో తెలియొద్దూ?

మన దగ్గర ఇంత రామాయణం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ విషయాన్ని ఒక్క మాటలో తేల్చేసింది: వేటాడకూడదు. ఋతువు లేదు, కోటా లేదు, స్టాంపు లేదు. చట్టం ఇంత పొదుపుగా ఉండేసరికి మిగిలిన నిబంధనలు రాసుకునే భారం జనం మీద పడింది. తడ నుంచి కావలి దాకా తీరం వెంట ఆ నిబంధనావళి కాగితం మీద ఎక్కడా కనపడదు, కానీ తెలియనివాడు లేడు.

వేట అంటే ఏమిటో మాత్రం మన చట్టం బహు విస్తారంగా చెప్పింది. చంపితేనే వేట కాదు. పట్టుకున్నా, ఉచ్చు వేసినా, వల పన్నినా, మందు పెట్టినా వేటే. వీటిలో ఏదైనా చేయబోయినా వేటే. గూడు కదిపినా, గుడ్డు చెదరగొట్టినా వేటే. అభయారణ్యంలో చేస్తే మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల దాకా పోయే జైలు. పైన పాతిక వేలకు తగ్గని జరిమానా. మా తీరంలోని పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువు రెండూ 1976 నుంచి అభయారణ్యాలే. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చింది 39వ సెక్షన్. చట్టవిరుద్ధంగా వేటాడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అవుతుందట. ఉత్తరాసియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన సూదితోక బాతుకు బతికున్నంతకాలం ఇక్కడ నా అన్నవాడు లేడు. ప్రాణం పోయిన మరుక్షణం సాక్షాత్తూ ప్రభుత్వమే వారసుడు! ఆ లెక్కన హైవే పక్క హోటల్లో సాయంత్రం పూట ప్లేటులో వచ్చే వేపుడు మొత్తం సర్కారు సొత్తు. పక్కన పెట్టిన ఉల్లిపాయ ముక్క, నిమ్మచెక్క మాత్రమే ప్రైవేటు ఆస్తి.

ఆ ప్లేటు దగ్గర జరిగే సంభాషణ తీరమంతా ఒకే తీరుగా ఉంటుంది.

"ఏముండాది నా ఈ పూట?"

"పిట్టలుండాయి సార్."

"ఏం పిట్ట?"

"కౌజు."

"కౌజు ఇంత లావుంటదా?"

"బాగా మేసిండాది సార్."

కౌజు పేరుతో కోళ్లలాగా ఫారాల్లో పెంచే చిన్న పిట్టలున్నాయి, అవి అమ్ముకుంటే గొడవ లేదు. అందుకే బాణలిలో పడ్డ ప్రతి రెక్కకూ ఆ పేరే. పరజ కౌజే, ఉల్లంకి కౌజే. కాళ్లు మూరెడు పొడుగున్న కొంగ కూడా మోకాళ్ల దగ్గర విరిగి కౌజైపోతుంది. అమెరికావాడు రెక్కా తలా ఉంచమన్నది పక్షి ఫలానా అని చెప్పడానికి. ఇక్కడ మొదట మాయమయ్యేవి అవే. తలా, తోకా, ఈకా లేని ఆ ముద్దను పక్షి శాస్త్రవేత్త సాలీం అలీ బతికొచ్చి చూసినా ఏ జాతో చెప్పలేడు.

మన నిబంధనల ప్రకారం ఋతువు కార్తీకంలో మొదలవుతుంది. ఈశాన్య ఋతుపవనాలు చెరువులు నింపిపోతాయి, వెనకే పిట్టలు దిగుతాయి, వాటి వెనకే వలలు. సంక్రాంతికి పతాక స్థాయి. కనుమ నాడు కాకి కూడా మునుగుతుందంటారు గదా, ఆ రోజు నీటికాకి మునిగితే తేలుతుందన్న నమ్మకం లేదు. అదే మూడు రోజులు పందెం కోళ్ల చట్టానికి కూడా సెలవు కాబట్టి అధికారులకు ఎటు చూడకూడదో తెలియక ఒకటే తికమక.

ఆయుధం సంగతి. నాటు తుపాకీ చప్పుడు చేస్తుంది, చప్పుడు చేస్తే అటవీ శాఖ జవాను రాక తప్పదు, అతనికీ ఇబ్బంది. కాబట్టి మర్యాదస్తుల పద్ధతి గుళికల మందు కలిపిన వడ్లు. అమెరికావాడికి గింజ చల్లి ఆ తర్వాత కాల్చడం నేరం. మనవాడికి గింజే తూటా. ఒక కాలంలో మొలగొలుకుల వడ్లు పండించి పేరు తెచ్చుకున్న మా నెల్లూరు జిల్లాలో వడ్లకు ఇలాంటి ఉపయోగం కూడా కనిపెట్టారు. ఆ మందు పిట్టలో ఆగదు. వేపుడులోకి, వేపుడులోంచి కారులో వచ్చిన పెద్దమనిషిలోకి చేరుతుంది. అటవీ శాఖ చేయలేని శిక్ష ఆ గుళికల మందు, కార్బోఫ్యూరాన్, కొద్దికొద్దిగా అమలు చేస్తోందన్నమాట. అప్పీలు లేదు.

లైసెన్సుల విభజన మాత్రం మన చోట కచ్చితం. ఉచ్చు వేసినవాడు, వల లాగినవాడు నేరస్తుడి తరగతి. పూటకు వచ్చే నాలుగు రూపాయల కోసం బురదలో తెల్లవార్లూ నిలబడ్డ మనిషి దొరికితే చేతిలో చచ్చిన పిట్టలతో నిలబెట్టి ఫొటో తీస్తారు. మర్నాడు మా పత్రికలోనే జిల్లా పేజీలో వస్తుంది. కొన్నవాడిదీ నేరమేనని అదే చట్టం చెబుతున్నా, అతన్ని నిలబెట్టి తీసిన ఫొటో ఇంతవరకూ నా కంట పడలేదు. అతను వినియోగదారుడు. అతనికి రక్షణ చట్టం వేరే ఉంది.

మనకు ఎప్పుడూ నియమాల పుస్తకమే లేదనుకోకండి. తెల్లదొరలు 1887లో ఒకటి, 1912లో ఇంకొకటి అడవి పక్షుల రక్షణకు చట్టాలు చేశారు. 1912 జాబితాలో బాతులు, కొంగలు, కౌజులు, లకుముకి పిట్టలు కూడా ఉన్నాయి. ఫలానా నెలల్లో వాటిని ముట్టకూడదని స్థానిక ప్రభుత్వం ప్రకటించవచ్చు, మొదటిసారి తప్పుకు యాభై రూపాయల దాకా జరిమానా. మిగతా నెలల్లో దొరవారి ఇష్టం. ఆ ఇష్టం ఎంతదో భరత్‌పూర్‌లో రాతి మీద చెక్కి ఉంది: 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వేటకు వచ్చిన ఒక్క రోజున కూలిన పక్షులు 4,273. ప్లేటులో కౌజని పేరు మార్చే మనవాళ్ల పక్కన పెడితే ఆ దొర నిజాయితీపరుడే, లెక్క రాయించుకున్నాడు. స్వతంత్రం వచ్చాక 1972 చట్టం కూడా మొదట్లో చిన్న వేట, పెద్ద వేట, ప్రత్యేక వేట అని లైసెన్సులు ఇచ్చింది. 1991 సవరణతో అవి పోయాయి. కాకులు, ఎలుకలు, పండ్లు తినే గబ్బిలాలను ఎవరైనా చంపుకోవచ్చన్న జాబితా ఒక్కటి మిగిలింది, 2022 సవరణ దాన్నీ కొట్టేసింది. దేశంలో చివరికి కాకికి కూడా గౌరవం దక్కిన ఘట్టమిది. ఎవరూ గుర్తించలేదు.

పిట్టలకు ఇంకో చిక్కు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది, దాంతోపాటే నేలపట్టూ, పులికాట్‌లో పెద్ద భాగమూ. మా నెల్లూరు పిట్ట రాత్రికి రాత్రి ఏడుకొండలవాడి పిట్ట అయింది. అంతకుముందే సరస్సు దక్షిణపు కొస తమిళనాడుది. అంటే ఫ్లెమింగో పొద్దున ఒక రాష్ట్రంలో మేసి, మధ్యాహ్నం ఇంకో రాష్ట్రంలో ఒంటికాలి మీద నిలబడితే, దాన్ని కొట్టినవాడి కేసు ఎక్కడిదో తేలేలోపు వలస కాలం ముగిసి మిగతావి వెళ్లిపోతాయి. ఇక్కడే మా వృత్తి తప్పు కూడా ఒకటి చెప్పాలి. తెలుగు పత్రికల్లో ప్రతి కొంగా సైబీరియాదే. నిజానికి నేలపట్టులో పిల్లల్ని పెట్టే గూడబాతు, నత్తగుల్ల కొంగ ఈ చుట్టుపక్కల దేశాలు దాటి ఎరగవు. ఫ్లెమింగోలు మన దేశంలో గుడ్లు పెట్టే పెద్ద చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. కానీ గుజరాత్ నుంచి వచ్చిందంటే చూడ్డానికెవరు వస్తారు?

జనం రావాలి కాబట్టి 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ పెట్టారు. మంచిదే. బళ్ల నిండా పిల్లలు వచ్చి బైనాక్యులర్లలో చూసి నోళ్లు తెరుస్తారు, అది చూడ్డానికే నేను వెళ్తుంటాను. అభయారణ్యంలో వన్యప్రాణిని ఆటపట్టించరాదని చట్టంలో 27వ సెక్షన్ ఉంది. వేదిక మీద వక్తలు మనల్ని ఆటపట్టించకూడదని ఏ సెక్షనూ లేదు. పక్షుల వైభవం మీద ఒక్కొక్కరు ముప్పావు గంట మాట్లాడతారు. ఆ సమయానికి పక్షులు పులికాట్‌లో అటకానితిప్ప దగ్గర మోకాటి లోతు నీళ్ల కోసం వెతుక్కుంటూ ఉంటాయి.

అసలు కథ ఆ నీళ్లదే. పులికాట్ చిలికా తర్వాత దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రపు నీళ్లు రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాల మీదుగా వచ్చిపోవాలి. అవి ఇసుకతో పూడిపోతాయి, పూడిక తీస్తామని హామీలు వస్తాయి, హామీల మీద మళ్లీ ఇసుక పడుతుంది. ఎండాకాలంలో ఉత్తరపు భాగం ఎండి బీటలు వారుతుంది. చేపా లేదు, పిట్టా లేదు, వల మీద బతికేవాడికి పనీ లేదు. ఇరకం దీవి మనిషి పడవ ఎక్కాలన్నా నీళ్లుండాలి గదా. మరోపక్క రొయ్య. టైగర్ రొయ్య రాజ్యమేలిన రోజుల్లో తీరం ఎంత తవ్వారంటే, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసు తీర్పులో చిలికా, పులికాట్‌ల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదంది. నేలపట్టు పేరు కూడా ఎత్తి, 1997 మార్చి 31లోగా ఉన్నవాటిని పూడ్చేయమంది. తర్వాత 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్‌కు ప్రత్యేక చట్టమే చేసి గేటు తీసింది. పిట్టకు ముఖద్వారం తెరుచుకోదు గానీ రొయ్యకు రాజద్వారమే తెరుచుకుంది. ఇప్పుడు వనామి రొయ్యల చెరువుల మీద తాళ్లు కట్టి, టపాకాయలు కాల్చి నీటికాకుల్ని తరుముతారు. అది వేట కాదు, పెట్టుబడి రక్షణ.

చట్టం ప్రకారం చూద్దాం. ఒక కుర్రాడు చెట్టెక్కి గూట్లో గుడ్డు కదిపాడు: వేట. ఏడేళ్ల దాకా లోపలుండొచ్చు. సరస్సు నోరు మూసుకుపోయి ఆ ఏడాది గూళ్లే పడలేదు: ప్రకృతి వైపరీత్యం. గూడే లేకపోతే కదిపే ప్రసక్తి లేదు కాబట్టి నేరాలు తగ్గినట్టే లెక్క.

ఏ పుస్తకమూ చదవకుండా పిట్టను కాచినవాళ్లు నేలపట్టు ఊరివాళ్లు. పిట్టలొస్తే వానలొచ్చినట్టని వాళ్ల నమ్మకం. చెట్ల మీది గూళ్లలోంచి రెట్ట చెరువులో పడుతుంది, ఆ నీళ్లు పొలానికి పారితే బస్తా ఎరువు ఖర్చు తగ్గుతుంది. నమ్మకం, లాభం ఒకే చెట్టు మీద గూడు కట్టుకున్న చోట జవానుకు పని తక్కువ. అమెరికావాడు కూడా అలాంటి చెట్టే ఒకటి నాటాడు. 1934లో డాలరు బాతు స్టాంపు మొదలైంది. దాని మొదటి బొమ్మ గీసింది డింగ్ డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తనను వెక్కిరించే ఆ మనిషినే పట్టుకొచ్చి వన్యప్రాణుల శాఖకు అధిపతిని చేశాడు. స్టాంపు మీద వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కొని కాపాడ్డానికే పోతాయి. చంపేవాడి జేబులోంచే చెరువుకు డబ్బు!

ఈ స్టాంపు కథ చదివి నాకొక ఆలోచన వచ్చింది. వ్యంగ్యం రాసేవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే సంప్రదాయం ఎక్కడో ఉందన్న ఆశ కూడా లేకపోలేదు. హైవే మీద ప్రతి కౌజు ప్లేటుకూ ఒక స్టాంపు అంటించాలి, వచ్చిన సొమ్ముతో రాయదొరువు పూడిక తీయాలి. ఒక్క సంక్రాంతి చాలు, డ్రెడ్జరు దిగుతుంది. ఈ పథకం పట్టుకుని ఏ ఆఫీసుకు పోయినా ఏమంటారో నాకు ముందే తెలుసు.

"స్టాంపు మీద పరజ బొమ్మ వేస్తే పరజల వేట ఉందని మేం ఒప్పుకున్నట్టు సార్. రికార్డుల్లో వేట లేదు."

"పోనీ కౌజు బొమ్మ వేయండి."

"ఫారం పిట్ట మాది కాదు సార్, పశుసంవర్ధక శాఖది. అక్కడ అడగండి."

అక్కడ అడిగితే సరస్సు మాది కాదంటారు.