కుక్క అంటే ఊరుకోరు

"అన్నా, జర పైలం. దీన్ని కుక్క అంటే మా అర్బాబ్ ఊకోడు," అన్నాడు నిజామాబాద్ తమ్ముడు. అబూధాబీలో ఓ పెద్దింట్లో పని అతనికి. చెల్లెలి పెళ్ళికి వెళ్తూ, యజమానిని ఒప్పించి, నాలుగు రోజులకు రీమ్‌ను నాకప్పగించాడు. రీమ్ అంటే అరబ్బీలో జింక. జింకల్ని వేటాడే జాతికి ఆ పేరు! పిల్లికి మూషికమని పేరు పెట్టినట్టుంది.

"మరేమనాలి?"

"సలూకీ. బెదూయిన్లు 'అల్ హుర్' అంటరు, గొప్ప పుట్టుక గలదని. మామూలు కుక్కను డేరాలకు రానియ్యరు. ఇది లోపల్నే పంటది."

వంశం అలాంటిది. ఇలాంటి సన్ననడుము వేటకుక్కల బొమ్మలు ఈజిప్టు సమాధుల గోడలమీద వేల ఏళ్ళనాడే ఉన్నాయి. 1895లో ఫ్లారెన్స్ ఆమ్‌హర్స్ట్ అనే దొరసాని అక్కడి తహావీ తెగ దగ్గర్నుంచి ఇంగ్లండుకు ఓ జంటను తెప్పించుకుంది. అయినా ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బు దీన్ని జాతిగా గుర్తించింది 1923లో. ఫరోల నాటి ఇంటిపేరుకు ధ్రువపత్రం రావడానికి 28 ఏళ్ళు! మండలాఫీసు చుట్టూ తిరిగినవాణ్ణి, నాకు జాలేసింది.

"మెత్తటి పరుపుండాలె అన్నా. ఒంట్ల కొవ్వుండదు, బొక్కలు ఒత్తుకుంటయి."

సోఫా దానికిచ్చి చాప నేను తీసుకున్నాను. కొవ్వు ఎక్కడుందో ఆ రాత్రే తెలిసింది. అరవదు, కరవదు. పిలిస్తే మాత్రం, పెళ్ళిచూపుల్లో నచ్చని పెళ్ళికొడుకును చూసినట్టు ఓ చూపు చూసి మూతి తిప్పుకుంటుంది.

మూడోనాడు తలుపు తీశాను. వీధిలో ప్లాస్టిక్ సంచి ఎగిరింది. సలూకీది ముక్కువేట కాదు, కంటివేట. కన్ను ఒకదానిమీద పడ్డాక చెవులు పనిచేయవు. రీమ్ మాయం! 1996లో ఓ సలూకీ గంటకు 68.8 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కింది. నాకు ఆర్టీసీ బస్సే ఎన్నడూ అందలేదు.

తమ్ముడి నౌకరీ, నా వీసా తలుచుకుంటూ గంటసేపు వీధులన్నీ గాలించి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాను. రీమ్ సోఫా మీదే ఉంది. చెప్పకుండా ఎక్కడికెళ్ళావన్నట్టు చూసింది.

అంతలో ఊరినుంచి నాన్న ఫోను. "ఎలా ఉందిరా అక్కడ బతుకు?"

"కుక్క బతుకు నాన్నా" అనబోయి, సోఫా వైపు చూసి ఆగిపోయాను. మనకంత అదృష్టమా!