బారాత్ మూడు గంటలు, పాట నాలుగు నిమిషాలు

దుబాయి నుంచి వచ్చేవాళ్ళు ఏం తెస్తారో మా నందిపేట్‌లో చంటిపిల్లాడినడిగినా చెప్తాడు. సెంటు బుడ్డి, పులి బొమ్మ కంబలి, తలనొప్పి బామ్, బ్యాటరీ లైటు. మా బావ మాత్రం నాకొక పెన్ డ్రైవ్ తెచ్చాడు. అక్కడ ఒక హోటల్లో సామాన్లు మోసే పని ఆయనది. పొద్దుగూకగానే ఆ హోటల్ ముందుగదిలో ఏదో సంగీతం పెట్టేవారట. ఆరేళ్ళు నిలబడి విన్నాడు. "జాజ్ అంటరు బామ్మర్దీ. మంచిగ నిద్రవడ్తది" అని నా చేతిలో పెట్టాడు. అక్కకు బంగారు గొలుసు, నాకు నిద్ర.

అప్పటికి నాకు తెలిసింది జాజు ఒక్కటే. పండుగ ముందర అవ్వ అరుగులకు పూసే ఎర్రమన్ను. అవ్వకూ అంతే తెలుసు. "సంచిల తెచ్చిండా, డబ్బల తెచ్చిండా?" అని అడిగింది.

నేను బడిపంతుల్ని. బాపుది పసుపు సేద్యం. పసుపు ఉడకబెట్టే రోజుల్లో రాత్రంతా ఇంటెనుక కల్లం కాడ ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. ఆ డ్యూటీ నాది. పెన్ డ్రైవ్‌ను పాటల డబ్బాకు గుచ్చి ట్రాక్టర్ మీద పెట్టాను. బావ ఏళ్ళ వారీగా సర్ది ఇచ్చాడు గనుక మొదట వచ్చింది 1917.

ఆ ఏడు ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్ అనే జట్టు న్యూయార్క్‌లో 'లివరీ స్టేబుల్ బ్లూస్' వాయించింది. మొట్టమొదటి జాజ్ రికార్డు అదేనంటారు. వాయించింది తెల్లవాళ్ళు, పుట్టించింది న్యూ ఆర్లీన్స్ నల్లవాళ్ళు. పట్టా ఎవరి పేరున ఉందో చూసి భూమి ఎవరు దున్నారో చెప్పలేమని మా ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి నేనేం ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమంతా పాటలోనే ఉంది. లివరీ స్టేబుల్ అంటే గుర్రాల కొట్టం. అందులో క్లారినెట్ కోడిపుంజులా కూస్తుంది, కార్నెట్ గుర్రంలా సకిలిస్తుంది, ట్రాంబోన్ ఆవులా అరుస్తుంది. ఇది సంగీతమేనా అని నేనింకా తేల్చుకోకముందే కొట్టంలో మా బర్రె లేచి నిలబడి జవాబిచ్చింది. "దుడ్డె తాడు తెంపుకున్నట్టున్నది, సూడురా" అని అవ్వ లోపలి నుంచి కేకేసింది. నందిపేట్‌లో జాజ్‌ను మొదట మెచ్చుకున్నది ఆ బర్రే.

తర్వాత 1928, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. మొదట్లో ఎవరి తోడూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే ఆకాశానికెక్కి మెట్టు మెట్టుగా దిగుతుంది. బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎవలింట్ల పెండ్లిరా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ ప్రశ్నలోనే జవాబుందని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఎందుకంటే ఆ తర్వాత వచ్చింది 1945. చార్లీ పార్కర్ 'కో-కో'. మూడు నిమిషాలు కూడా లేదు. ఆర్మూర్ నుంచి ఆఖరి ట్రిప్పు ఆటో ఎక్కినట్టుంది. ఎక్కింది గుర్తుంది, దిగింది గుర్తుంది, మధ్యలో ఏ ఊళ్ళు వచ్చాయో గుర్తు లేదు. నాలుగుసార్లు విన్నాను. అర్థమైంది ఏమీ లేదు గానీ ఆ మనిషి మీద మాత్రం ప్రేమ కలిగింది. కారణం సంగీతం కాదు, కోడి. ఒకసారి ఆయన పోతున్న కారు ఒక కోడిని గుద్దితే, బండి ఆపించి, దాన్ని ఎత్తుకుపోయి బసలో వండించుకున్నాడట. ఆయనకు 'యార్డ్‌బర్డ్' అనే పేరు అట్లా వచ్చిందనీ, అదే అరిగి 'బర్డ్' అయిందనీ కథ. పక్కనే అంకాపూర్ దేశీ కోడి ఉన్న మండలంలో పుట్టినవాడిని. ఇట్లాంటివాణ్ణి పరాయివాడని ఎట్లా అనుకుంటాను?

అయినా కోడి దారి కోడిది, పాట దారి పాటది. చివరికి మా వాడకట్టులోని బ్యాండు తాత దగ్గరికి పోయాను. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకు క్లార్నెట్ వాయించిన మనిషి. డీజే డబ్బాలు వచ్చినప్పటి నుంచి ఆయన ఎర్రకోటు దండెం మీదే ఉంటోంది. పార్కర్‌ను వినిపించాను. కళ్ళు మూసుకొని విన్నాడు.

"వీనికి బారాత్ ఎంతసేపు సారూ?"

"బారాత్ కాదు తాతా, రికార్డు."

"ఏదైతేంది. సూడు, బారాత్ మూడు గంటలు. సిన్మ పాట నాలుగు నిమిషాలు. మిగిలిన రెండు గంటల యాభయ్యారు నిమిషాలు ఏం వాయించాలె?"

నేను నోరు తెరిచాను. యూనివర్సిటీ పుస్తకమేదీ ఇంత సులువుగా చెప్పదు.

"మొదాలు పాట సక్కగ వాయిస్త, అందరు గుర్తువట్టాలె గద. గుర్తువట్టి ఎగురుడు షురూ చేసినంక ఇగ నా ఇష్టం. పాట ఇంట్లకెల్లి ఎల్లి, సౌరస్త కాడ ఛాయ తాగి, చెరువు దిక్కు పోయి, మల్ల ఇంటికొస్తది. ఎల్లేటప్పుడు సూసినోనికే వచ్చేటప్పుడు ఎరుకైతది. నువ్వు ఎల్లేటప్పుడు సెల్లు సూసుకుంటున్నవేమో."

నిజమే. ఆ ఘడియలో నేను పసుపు కిందికి మంట ఎగదోస్తున్నాను.

'కో-కో'కు కింద ఉన్నది 'చెరోకీ' అనే 1938 నాటి పాట తాలూకు స్వరాల కట్టడమని తర్వాత చదివి తాతకు చెప్పాను. "అంతేగద. వాసాలు పాతయి, గోడలు కొత్తయి" అన్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో శవం వెంట బ్యాండు నడుస్తుందనీ, శ్మశానానికి పోయేటప్పుడు మెల్లగా ఏడ్చే పాట, తిరిగొచ్చేటప్పుడు చిందేసే పాట వాయిస్తారనీ, జాజ్ పెరిగింది ఆ వీధి బ్యాండుల్లోనేననీ కూడా చెప్పాను. తాత కాసేపు ఆలోచించాడు. "పోయేటప్పుడు దుఃఖం, వచ్చేటప్పుడు ఆకలి. ఏ దేశమైతేంది?" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే సూత్రం: పాట ఇల్లు వదిలేటప్పుడు గడపలో ఉండాలి.

సూత్రం దొరికాక శ్రోతలు ఇంట్లోనే దొరికారు. మా మామ బోధన్ మనిషి. 1937లో మొదలై 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి దిగినవాడు. డ్యూక్ ఎల్లింగ్టన్ పెద్ద బ్యాండును వినిపిస్తే, పదిహేనుమంది కలిసి ఒక్కసారి ఊపిరి తీసి ఒక్కసారి వదలడం ఆయనకు వెంటనే నచ్చింది. "గిది షిఫ్టు. ఒక్కడు లేటొచ్చినా మిల్లు ఆగుతది" అన్నాడు. ఎల్లింగ్టన్ 1963లో మన దేశం వచ్చాడు. ఆ ప్రయాణం జ్ఞాపకంగా చేసిన 'ఫార్ ఈస్ట్ సూట్'లో ఒక పాట పొడుగునా క్లారినెట్ ఢిల్లీ గోరింకలా పలుకుతుంది. మా వేపచెట్టు మీది గోరింకలు రోజూ అంతకు తక్కువేం వాయించవు. కాకపోతే కింద ఎల్లింగ్టన్ బస చేయలేదు.

మా ఆవిడ వాటా 1959. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. మార్చి 2న ఒక రోజు, ఏప్రిల్ 22న ఒక రోజు, రెండు రోజుల్లో ఆల్బమ్ అయిపోయింది. మా పసుపు ఉడికి ఎండటానికే పదిహేను రోజులు. అందులో మొదటి పాట పేరు 'సో వాట్', అంటే 'ఐతేంది?'. బాస్ తీగల మీద ఒకాయన నింపాదిగా, వివరంగా ఏదో విన్నవించుకుంటాడు. మిగతావాళ్ళంతా కలిసి రెండే ముక్కల్లో 'ఐ-తేంది' అంటారు. ఆయన మళ్ళీ విన్నవించుకుంటాడు. మళ్ళీ 'ఐ-తేంది'. "గిది మనింట్ల రికార్డు చేసిండ్రా?" అని అడిగింది. కట్టడాలన్నీ కూలగొట్టి రెండే స్వరశ్రేణుల మీద తొమ్మిది నిమిషాలు నడిపిన ఆ పాట జాజ్‌ను మలుపు తిప్పిందని వివరించబోయాను. రెండు ముక్కల జవాబు వచ్చింది.

అదే ఏడు డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్'. అందులో పాల్ డెస్మండ్ కట్టిన 'టేక్ ఫైవ్' ఐదు దెబ్బల లెక్క. బావ రెండు కాళ్ళతో తాళం వేయబోయి, "ఒక కాలు తక్కువైతుంది బామ్మర్దీ" అన్నాడు. మన ఖండచాపుకూ లెక్క ఐదేనని చెప్పాను. అంతకు ముందు ఏడే, 1958లో, బ్రూబెక్ మద్రాసులో పళని సుబ్రమణ్య పిళ్ళై మృదంగంతో కలిసి వాయించిపోయాడు కూడా.

అందరూ ఓడిపోయింది ఆర్నెట్ కోల్‌మన్ దగ్గర. ప్లాస్టిక్ శాక్సాఫోన్ వాయించిన ఘనుడాయన. "బిందెలకే అనుకున్న, బాజాలకు గూడ ప్లాస్టికేనా?" అని అవ్వ విసుక్కుంది. ఆయన 1960లో రికార్డు చేసిన 'ఫ్రీ జాజ్'లో నలుగురేసి రెండు జట్లు ఒకేసారి ముప్పై ఏడు నిమిషాలు వాయిస్తాయి. ఒక జట్టు ఎడమ చెవిలో, ఒక జట్టు కుడి చెవిలో. నేను దాన్ని రెండేళ్ళు విని, కష్టమైనా అర్థమైందని నలుగురికీ చెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, మా డబ్బాలో ఎడమది పలకడం లేదని. కొత్తది కొని రెండు వైపులా వింటే ఏముంది? ముహూర్తాల రోజున మా చౌరస్తాలో రెండు బారాత్‌లు ఎదురుపడ్డట్టే ఉంది. ఎవరూ దారివ్వరు, ఎవరూ పాట ఆపరు, కాసేపటికి ఎవరి పెళ్ళికి ఎవరు ఎగురుతున్నారో తెలియదు. బర్రె మాత్రం ముప్పై ఏడు నిమిషాలూ నెమరువేస్తూ నిలబడింది. మొదటి శ్రోతకు ఉండే ఓపిక అది.

అవ్వను గెలిచింది ఆలిస్ కోల్ట్రేన్. భర్త జాన్ కోల్ట్రేన్ 1967లో పోయాక ఆమె హార్ప్ పట్టుకొని కూర్చుంది. మన దేశం వచ్చింది, తురీయసంగీతానంద అయింది, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టింది, పుట్టపర్తి బాబాను కొలిచింది. 1977 నాటి ఆల్బమ్‌లో రాధాకృష్ణుల భజనలు ఆర్గన్ మీద వాయించింది. అవ్వ చేస్తున్న పని ఆపి, చెంగు సర్దుకుని, డబ్బాకు దండం పెట్టింది. "ముందుగాల్నే గీమెను పెట్టకపోతివి? గన్ని రోజులు ఆగం జేస్తివి" అంది.

మనవాళ్ళూ అక్కడికి పోకుండా లేరు. పాలకొల్లు పిల్లవాడు మాండొలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి వయసు పద్నాలుగు. తర్వాత జాన్ మెక్‌లాగ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి'లో కూర్చున్నాడు. తాతకు వినిపిస్తే, "గీ పోరడు మస్తు దూరం పోయిండు సారూ, కని ఇల్లు మరువలే" అన్నాడు.

మొన్న మా మేనకోడలి పెళ్ళి. బావ ట్రాక్టర్ నిండా డీజే పెట్టించాడు. బారాత్ చౌరస్తాకు చేరేసరికి జనరేటర్ ఆగిపోయింది. నేను పరుగున పోయి తాతను లేపాను. నలుగురొచ్చారు, మూడు టోపీలే ఉన్నాయి. తాత చిరంజీవి పాట ఎత్తుకున్నాడు. కుర్రాళ్ళు గుర్తుపట్టి ఎగిరారు. ఆ తర్వాత తాత ఇల్లు వదిలాడు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. "తాత పాట మర్సిండు" అని ఎవరో అరిచారు. "ఆగుండ్రి, వస్తది!" అని నేను అంతకంటే గట్టిగా అరిచాను. సారుకు ఏమైందోనని మా బడిపిల్లలు నావైపు చూశారు. చెరువు దిక్కు పోయిన పాట, అందరూ ఆశ వదులుకున్నాక, సరిగ్గా పల్లవి గడపలో కాలు పెట్టింది. చౌరస్తా అంతా ఒక్కసారి ఈలలు వేసింది.

ఇంటి ముందర తాత లెక్కకు వచ్చాడు. అడిగినంత ఇచ్చాను. చెయ్యి చాచే ఉంచాడు.

"పాటకిచ్చినవ్ సారూ. మరి తిరిగొచ్చినదానికి?"

పెళ్ళి ఖర్చు బావది కదా అని ఆయన కోసం వెతికాను. పందిట్లో కుర్చీలో ఉన్నాడు. ఇంత బ్యాండు మోగినా కదలలేదు. జేబులోంచి రెండు నోట్లు తీసినా కదలలేదు.

మంచిగ నిద్రవట్టింది.