బావ, బల్ల, బ్రేక్ బాల్

మా బావ భోజనానికి పిలిస్తే పెరుగన్నం దాకా ఏ ప్రమాదమూ లేదు. చెయ్యి కడుక్కుని తువ్వాలు అందుకునే వేళే జాగ్రత్తగా ఉండాలి. "ఒక్కసారి కిందకొస్తావేంట్రా" అంటాడు, అదేదో అప్పుడే తట్టినట్టు. కింద అంటే న్యూజెర్సీలో వాళ్ళింటి బేస్‌మెంటు. సోనామసూరి బస్తాలు, బొమ్మల కొలువు అట్టపెట్టెలు, పిల్లలు పెద్దవాళ్ళయి వదిలేసిన సైకిళ్ళు, వాటి నడుమ ఎనిమిదడుగుల పూల్ టేబులు. మీరు మళ్ళీ పైకొచ్చేసరికి అక్క గిన్నెలన్నీ తోమేసి, మిగిలిన పప్పు ఫ్రిజ్‌లో పెట్టి, పడుకుని ఉంటుంది.

ఈ జాతి మనకు కొత్తది కాదు. అరుగు మీద పేకాట జరుగుతుంటే వెనక నిలబడి "ఆ ముక్క ఎందుకు పారేశావయ్యా" అని నొచ్చుకునే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు. మా బావ ఆ వంశంవాడే. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళాక పేకముక్కల స్థానంలో బంతులు వచ్చాయంతే. యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్‌లో కుర్రాళ్ళందరూ ఎయిట్ బాల్ ఆడుకుంటుంటే, మూలబల్ల దగ్గర ఒక ముసలాయన ఒంటరిగా స్ట్రెయిట్ పూల్ ఆడుకునేవాడట. మా బావ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణించి ఇక ఎటూ కదల్లేదని మా అక్క అభిప్రాయం.

స్ట్రెయిట్ పూల్ వినడానికి చాలా తేలిక. పదిహేను బంతులు. ఏది ఏ పాకెట్లో వేస్తారో ముందు చెప్పి వెయ్యాలి. రంగుతో, అంకెతో పని లేదు, బంతికి ఒక పాయింటు. పద్నాలుగు పడగానే ఆట ఆపి, ఆ పద్నాలుగూ మళ్ళీ త్రికోణంలో పేరుస్తారు, ముందు కొసన ఒక బంతి చోటు ఖాళీ వదిలి. మిగిలిన పదిహేనో బంతి ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాని పేరే బ్రేక్ బాల్. దాన్ని పాకెట్లోకి పంపుతూ, అదే దెబ్బతో తెల్లబంతిని పేర్చిన గుంపులోకి తోలి చెల్లాచెదురు చెయ్యాలి. అప్పుడు ఆట ఆగకుండా సాగుతుంది. ఎంతవరకంటే, తప్పేవరకు. విల్లీ మోస్కోనీ 1954లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వరసగా 526 బంతులు వేశాడు. 2019లో జాన్ ష్మిట్ 626 వేశాడు. 2022లో జేసన్ షా 714 దాకా వెళ్ళాడు. మా బావ రికార్డు 31. అందులో రెండు బంతుల విషయంలో మా అక్కకు అభ్యంతరాలున్నాయి.

ఆ అభ్యంతరాలకు కారణం ఉంది. మీరు ఆడేటప్పుడు ఏ బంతి, ఏ పాకెట్ అన్నది బావకు స్పష్టంగా వినబడాలి. పాకెట్ నోట్లోనే ఉన్న బంతికైనా సరే, చెప్పకపోతే లెక్కలోకి రాదు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం పెదవుల కింద గొణుక్కుంటాడు. పడ్డాక గట్టిగా చెబుతాడు.

ఆయన అతిథి మర్యాదకు కూడా వంక పెట్టలేం. "వచ్చినవాడివి, మొదటి బ్రేక్ నీదే" అంటాడు. కొత్తవాళ్ళు పొంగిపోతారు. ఎయిట్ బాల్‌లో మొదటి దెబ్బ వరం. స్ట్రెయిట్ పూల్‌లో అది శిక్ష. చెప్పిన బంతి చెప్పిన పాకెట్లో పడాలి, లేదా తెల్లబంతితోపాటు ఇంకో రెండు బంతులైనా బల్ల అంచున ఉన్న కుషన్‌కు తగలాలి. లేకపోతే రెండు పాయింట్లు పోతాయి. పోనీ అని గట్టిగా కొడితే గుంపంతా విచ్చుకుని ఎదుటివాడికి విందు. అందుకే తెలిసినవాళ్ళెవరూ ఈ బ్రేక్ కోరుకోరు. మా బావకు ఈ ముప్పయ్యేళ్ళలో రాని వినయం ఆ ఒక్క క్షణంలో వస్తుంది.

అక్కణ్ణించి ప్రశ్న మొదలవుతుంది. మీరు ఎదురుగా ఉన్న బంతి చూసుకుని వంగుతారు. వెనకనించి గొంతు వినిపిస్తుంది.

"కొట్టాక ఎక్కడుంటావు?"

"ఇక్కడే ఉంటాను బావా."

"నువ్వు కాదు, తెల్లబంతి."

ఈ ఒక్క ప్రశ్నతో ఆయన ఎంతమందిని వంగినవాళ్ళని వంగినట్టే లేపేశాడో చెప్పలేను. ఆయన చెప్పేది తప్పని అనలేం, అదే మా బాధ. కుషన్లకు అతుక్కున్న బంతులు ముందు తీసెయ్యాలి, దార్లు తెరుచుకుంటాయి. రెండు మూడు బంతులు ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటే వాటి సంగతి చివరికి వదలకూడదు. ఇంకా చేతినిండా బంతులున్నప్పుడే విడగొట్టాలి. విడగొట్టే ముందు, తెల్లబంతి ఎటు చెదిరినా కొట్టడానికి వీలైన బంతి ఒకటి చూసుకోవాలి. తెల్లబంతిని బల్లంతా తిప్పకూడదు. పని దగ్గరగా ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేయించాలి. బ్రేక్ బాల్‌కు ముందు వేసే పద్నాలుగో బంతిని కీ బాల్ అంటారు. దాన్ని కొట్టగానే తెల్లబంతి ఉన్నచోటే ఆగిపోయి, బ్రేక్ బాల్‌కు కొంచెం వంకరగా నిలబడితే అదృష్టం. మరీ తిన్నగా నిలబడితే బంతి పడుతుంది గానీ గుంపు కదలదు. ఇదంతా ఆయన చక్కగా, ఓపిగ్గా, బల్ల మీద సుద్దముక్కలు పెట్టి మరీ చెబుతాడు. మనం వింటూ, మంచి మాటే కదా అనుకుంటాం. ఈలోగా మన వంతు ఆయన ఆడేసి ఉంటాడు.

ఇక బ్రేక్ బాల్ సంగతి. ఇంకా పదో పన్నెండో బంతులుండగానే బావ దాన్ని ఎంచేస్తాడు. త్రికోణం చోటుకు పక్కగా, చేరువలో ఉన్నదేదో ఒకటి. అది మొదలు దాని చుట్టూ మడి. కొత్త ఆవకాయ జాడీ దగ్గరికి తడిచేత్తో వెళ్ళిన మనవణ్ణి మా అమ్మమ్మ ఎలా అదిలించేదో, ఆ బంతివైపు చూసినవాణ్ణి కూడా బావ అలా అదిలిస్తాడు. తీరా పద్నాలుగూ అయ్యేసరికి ఆ బంతి కాపాడిన చోటే ఉంటుంది. తెల్లబంతి మాత్రం దానికి తిన్నగా ఎదురొచ్చి నిలబడి ఉంటుంది, ఒక్క డిగ్రీ వంపు లేకుండా.

అప్పుడు నేరస్థుల కోసం గాలింపు. తేమ. హీటరు గాలి. బట్ట మీద నూగు. నిన్న పిల్లలు చిప్స్ తిన్న చేతులతో బంతులు పట్టుకున్నారు. అసలు నేరస్థుణ్ణి నేను చెబుతాను, ఎలాగూ ఇక్కడ ఆయన లేడు. ఆయనకు సైడ్ స్పిన్ అంటే, తెల్లబంతిని ఓ పక్కన కొట్టి తిప్పడమంటే, వ్యామోహం. ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా ఆపుతాడట, నెమ్మదిగా దొర్లిస్తాడట. చూసేవాడు ఒక్కడు మెట్లు దిగితే చాలు, అడుగు దూరం పోవాల్సిన తెల్లబంతి మూడు కుషన్లు తాకి ఊరు చూసొస్తుంది. 1961లో వచ్చిన 'ది హస్లర్' సినిమా దీనికి బాధ్యత వహించాలి. అందులో పాల్ న్యూమన్, జాకీ గ్లీసన్ ఆడేది ఈ ఆటే, ఆట సంగతులు చూసుకున్నది మోస్కోనీ. ఆ సినిమాలోంచి మా బావ పొదుపు నేర్చుకోలేదు. కోటు విప్పి పక్కన పెట్టడం నేర్చుకున్నాడు. బేస్‌మెంట్లో కోటు ఉండదు కాబట్టి స్వెటర్ విప్పుతాడు.

ఈ మధ్య ఎమ్మెస్‌కు కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి బావ వాళ్ళింటికి భోజనానికి వచ్చింది. హైదరాబాద్‌లో ఎప్పుడైనా స్నూకర్ పార్లర్ గుమ్మం చూసిందో లేదో. బావ ఆ పిల్లకు పప్పుచారు పోయించి, కిందికి తీసుకెళ్ళి, బంతి మధ్యకు కొంచెం కింద కొడితే తెల్లబంతి తగిలినచోటే ఎలా ఆగుతుందో చూపించాడు. "నీకు ఇంకేమీ వద్దు, ఆపడం చాలు. ఆగినచోట నుంచి కనబడిందే కొట్టు" అన్నాడు. ఆ పిల్ల అక్షరాలా అదే చేసింది. ఒకటి, రెండు, అయిదు, ఏడు. ఎక్కడా హడావిడి లేదు. ఎనిమిదోది పడ్డాక బావ ముఖం చూడాలి. గురువుకు కలిగే సంతోషం, తన వంతు ఎప్పుడొస్తుందా అన్న దిగులు రెండూ అందులో ఉన్నాయి. "బాగానే ఉందమ్మా, కానీ కొంచెం సైడ్ ఇచ్చి ఉంటే..." అన్నాడు. ఆ పిల్ల సైడ్ ఇచ్చింది. వంతు ఆయనకొచ్చింది.

నా తరఫు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. "కొట్టాక ఎక్కడుంటావు" అన్న ఆ ప్రశ్న నాకూ అంటుకుంది. గుళ్ళో పార్కింగ్ దొరికినా, బయటికి రావడానికి ఎటు తిరగాలో తేలేదాకా బండి ఆపలేకపోతున్నాను. వెనకాల హారన్లు.

ఇన్ని చెప్పి అసలుది చెప్పలేదు. ఆ బేస్‌మెంట్లో ఒక స్తంభం ఉంది. ఇంటి బరువు మోసే ఇనప స్తంభం. పోటీల్లో వాడే తొమ్మిదడుగుల బల్ల అక్కడ పట్టకపోవడానికి అదే కారణం. "మోస్కోనీ 526 కొట్టింది కూడా ఎనిమిదడుగుల బల్ల మీదే" అని మా బావ అంటాడు. అది నిజమే. మోస్కోనీ వెనక స్తంభం లేదన్నది ఆయన చెప్పడు. ఈ ఎనిమిదడుగుల బల్ల కూడా ఆ స్తంభానికి ఎంత దగ్గరగా ఉందంటే, తలవైపు, అంటే బ్రేక్ కొట్టేవైపు, ఎడమ మూలలో తెల్లబంతి ఆగితే 58 అంగుళాల క్యూ వెనక్కి లాగడానికి చోటుండదు. ఆ మూలకోసం గోడకు ఒక పొట్టి కర్ర వేలాడుతూ ఉంటుంది. దాంతో కొడితే దోమను తోలినట్టే, బంతికి పెద్దగా తెలియదు.

ఇప్పుడు గమనించండి. సైడ్ మోజు పట్టనప్పుడు బావ ఎందుకు తెల్లబంతిని మెట్లవైపు సగంలో, బంతుల దగ్గరే ఉంచుకుంటాడు? మంచి ఆటగాళ్ళు అలాగే ఉంచుతారు, అందుకని మనం గౌరవిస్తాం. నిజానికి అది స్తంభం పెంచిన క్రమశిక్షణ. ఆయనకు పొజిషన్ నేర్పింది స్టూడెంట్ యూనియన్ ముసలాయన కాదు, ఇల్లు కట్టిన బిల్డరు. ఇక కొట్టడానికి మంచి బంతి లేనప్పుడు మా బావ సేఫ్టీ ఆడతాడు, అంటే ఏదో ఒక బంతిని ముట్టుకుని, నియమం ప్రకారం కుషన్‌కు తగిలించి, తెల్లబంతిని తిన్నగా ఆ మూలకు పంపిస్తాడు. పంపి, మర్యాదస్తుడు కాబట్టి, పొట్టి కర్ర తనే తెచ్చి చేతికిస్తాడు. మా చిన్నాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ఆ మూలలో వరసగా మూడు తప్పులు చేశాడు. తప్పుకు ఒకటి చొప్పున మూడు, వరసగా మూడు చేసినందుకు పైన ఇంకో పదిహేను. మైనస్ పద్దెనిమిది దగ్గర ఆయనకు నిద్ర ముంచుకొచ్చింది. బోర్డు మీద ఆ అంకె ఇంకా ఉంది. చిన్నాన్న ఇండియా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా బావ దాని గురించి పరామర్శిస్తాడు.

మొన్న బావ పుట్టినరోజుకు ఊళ్ళో ఉన్న పూల్ హాలుకు తీసుకెళ్ళాం. తొమ్మిదడుగుల బల్ల, చుట్టూ కావలసినంత చోటు. బావ స్వెటర్ విప్పాడు. నన్ను బ్రేక్ చెయ్యమని బతిమాలాడు. తలవైపు ఎడమ మూలకు వెళ్ళినప్పుడల్లా క్యూ వెనక్కి లాగే ముందు మెడ తిప్పి వెనక చూసుకున్నాడు. అక్కడ ఏమీ లేదు. అయినా ప్రతిసారీ చూశాడు. మోచెయ్యి కొట్టుకుంటుందేమోనని కుదించి కొట్టాడు, బంతి పాకెట్ దాకా వెళ్ళలేదు. కాసేపయ్యాక నాకు ఒక గడ్డు స్థితి తెచ్చిపెట్టాలని తెల్లబంతిని ఆ మూలకే పంపి, చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ముఖంలో తృప్తి. నేను హాయిగా నిలబడి, పొడుగు కర్రతో, పూర్తిగా వెనక్కి లాగి కొట్టాను. బంతి పడింది. బావ కుర్చీలోంచి లేచి ఆ మూలంతా ఒకసారి కలియజూశాడు.

"ఏం బల్లరా ఇది, సేఫ్టీ ఆడ్డానికి చోటే లేదు" అన్నాడు.

ఇల్లు మారాలని మా అక్క చాలాకాలంగా అడుగుతోంది. ఈ వేసవిలో ఒకటి దొరికింది. పెద్ద వంటిల్లు, గుడి దగ్గర, వెనక కరివేపాకు కుండీలు పెట్టుకోవడానికి ఎండ తగిలే అద్దాల గది. అక్క మనసులో అప్పటికే పాలు పొంగించేసింది. బావ పైన గదులేవీ చూడకుండా తిన్నగా బేస్‌మెంట్లోకి దిగాడు. ఏజెంటు వెనకే వెళ్ళి, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదని, బరువంతా పైన ఉక్కు దూలం మీదే ఉందని ఉత్సాహంగా చెప్పాడు. బావ ఆ ఖాళీని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూశాడు. దూలం కేసి తలెత్తి చాలాసేపు నిలబడ్డాడు. పైకొచ్చి అక్కతో గొంతు తగ్గించి అన్నాడు:

"వద్దు. ఇంటికి బలం చాలదు."